తమ్ముడు 9 ఓల్టుల బ్యాటరీతో తలకు కరెంటు పెట్టుకుంటున్నాడు, తెలిసినవారు చెప్పండి

కాలవగట్టు (కొత్తపేట)

అందరికీ నమస్కారం. ఇక్కడ ఎలక్ట్రానిక్స్ పని చేసేవారూ, వైద్యరంగంలో ఉన్నవారూ ఉన్నారు కాబట్టి ధైర్యం చేసి అడుగుతున్నాను.

మా తమ్ముడు అమలాపురంలో గది తీసుకుని గ్రూప్-2కి చదువుతున్నాడు. వయసు 24. డిగ్రీలో ఎలక్ట్రానిక్స్ చదివాడు. మొన్న పండక్కి ఇంటికి వచ్చినప్పుడు నుదుటి మీద కుడివైపు రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ కనిపించింది. అమ్మ ఏదో పురుగు కుట్టిందనుకుంది. నేను విడిగా అడిగితే దాచకుండా చెప్పాడు. 9 ఓల్టుల బ్యాటరీ, చిన్న సర్క్యూటు, ఉప్పునీళ్లలో తడిపిన రెండు స్పాంజి ముక్కలు. ఒకటి నుదుటికి, ఒకటి తల పక్కకు కట్టుకుని రాత్రి చదువుకు ముందు కూర్చుంటున్నాడట. ఏకాగ్రత పెరుగుతుందట. దీన్ని టీడీసీఎస్ అంటారనీ, విదేశాల్లో ఎంతోమంది ఇంట్లోనే చేసుకుంటున్నారనీ చెప్పాడు. గదిలో ఉండే స్నేహితుడు కూడా వాడుతున్నాడు.

"రెండు మిల్లీ ఆంపియర్లే అన్నయ్యా, టార్చిలైటు బల్బు కూడా వెలగదు" అంటాడు. వాడు తెలివైనవాడు, అబద్ధం చెప్పడు. కానీ తల కదా. మెదడుకు దీనివల్ల నిజంగా మేలు ఉందా? ప్రమాదం ఎంత? కసిరితే దాచిపెట్టి చేస్తాడు, అది నాకు ఇష్టం లేదు. ఎలా మాట్లాడాలో కూడా చెప్పండి.

ఓల్టులెక్క (తణుకు)

కాలవగట్టు గారూ, నేను వైద్యుణ్ని కాను. టీవీలు, ఇన్వర్టర్లు, రొయ్యల చెరువుల స్టార్టర్లు బాగుచేస్తాను. కరెంటు సంగతి మాత్రం చెప్పగలను.

మీ తమ్ముడు చెప్పిన అంకె తప్పేమీ కాదు. టీడీసీఎస్‌లో సాధారణంగా ఇచ్చేది 1 నుంచి 2 మిల్లీ ఆంపియర్లే, 20 నుంచి 30 నిమిషాల పాటు. అయితే బ్యాటరీ ఇచ్చేది ఓల్టులు. ఆంపియర్లను నిర్ణయించేది దారిలో ఉన్న నిరోధం. ఇక్కడ ఆ దారి మనిషి చర్మం. స్పాంజికీ స్పాంజికీ మధ్య 5 కిలో ఓమ్‌లు ఉంటే 9 ఓల్టులకు 1.8 మిల్లీ ఆంపియర్లు పారుతుంది. చెమట పట్టి, ఉప్పునీరు బాగా ఇంకి, అది 2 కిలో ఓమ్‌లకు పడిపోతే అదే బ్యాటరీ 4.5 మిల్లీ ఆంపియర్లు తోస్తుంది. మన ప్రాంతంలో మే నెలలో కూర్చున్నచోటే చొక్కా తడుస్తుంది, ఇక నుదురు సంగతి చెప్పాలా? అందుకే నిరోధం మారినా కరెంటు మారకుండా పట్టి ఉంచే సర్క్యూటు తప్పనిసరి. అది మెల్లగా పెరగాలి, మెల్లగా తగ్గాలి. మధ్యలో తీగ ఊడితే కళ్ల ముందు మెరుపు కనిపిస్తుంది.

ఇంకో ముఖ్యమైన మాట. చార్జరు పెట్టి ఉన్న ఫోనుకుగానీ, లాప్‌టాప్‌కుగానీ, గోడ ప్లగ్గుకుగానీ ఆ సర్క్యూటును ఎప్పుడూ కలపకూడదు. చవక చార్జర్లలో లీకేజీ ఎంత ఉంటుందో నేను రోజూ మీటరు మీద చూస్తుంటాను.

ఆ మచ్చ విషయానికి వస్తే, మీ తమ్ముడు తలకు కొబ్బరినూనె రాస్తాడా? కోనసీమలో రాయనివారు తక్కువ. నూనె కరెంటును పోనివ్వదు. స్పాంజి మొత్తం అంటుకున్నట్టే కనిపిస్తుంది కానీ నూనె లేని చిన్న చుక్కలోంచి మాత్రమే కరెంటంతా దూరుతుంది. స్పాంజి ఒక మూల ఎండిపోయినా అంతే. అంత చిన్నచోట అంత కరెంటు పారితే చర్మం కాలుతుంది. స్పాంజిని ఉప్పునీటితో కాక మామూలు కుళాయి నీటితో తడిపినప్పుడు చర్మం మీద పుండ్లు పడిన సందర్భాలు వైద్య పత్రికల్లో కూడా వచ్చాయి. మచ్చ మానేదాకా ఆ చోట ఏమీ పెట్టవద్దని ముందు చెప్పండి.

గౌతమి ఫిజియో (కాకినాడ)

నేను పక్షవాతం వచ్చినవారికి వ్యాయామాలు చేయించే ఫిజియోథెరపిస్టుని. టీడీసీఎస్ గురించి మా రంగంలో చాలాకాలంగా చర్చ ఉంది. ఇది బూటకం కాదు, మంత్రమూ కాదు. తెలిసినంతవరకు చెబుతాను.

2000లో జర్మనీలోని గోటింగెన్‌లో నిట్షే, పౌలస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కదలికలను నడిపే మెదడు భాగం మీద బలహీనమైన కరెంటు పంపి, ఆపేసిన తర్వాత కూడా ఆ భాగపు స్పందన కొన్ని నిమిషాల పాటు మారి ఉంటుందని చూపించారు. పాజిటివ్ ఎలక్ట్రోడు కింద స్పందన పెరిగింది, నెగెటివ్ కింద తగ్గింది. ఈ రంగం మళ్లీ లేచింది అక్కడి నుంచే. తర్వాత డిప్రెషన్, పక్షవాతం, దీర్ఘకాలిక నొప్పి మీద ఎన్నో పరీక్షలు జరిగాయి. మన దగ్గర బెంగళూరులోని మానసిక, నరాల వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో స్కిజోఫ్రీనియా ఉన్నవారికి చెవిలో వినిపించే మాటలను తగ్గించడానికి దీన్ని వాడి అధ్యయనాలు చేశారు.

ప్రమాదం గురించి: 2016లో ఒక పెద్ద సమీక్ష 33,200కు పైగా సెషన్లను, వెయ్యిమందికి పైగా మనుషులను లెక్కలోకి తీసుకుని చూస్తే, మామూలు హద్దుల్లో తీవ్రమైన హాని ఒక్కటీ నమోదు కాలేదు. మీ తమ్ముడు ఈ వాక్యాన్ని చదివే ఉంటాడు. కానీ ఆ వెయ్యిమందిని ముందుగా జల్లెడ పట్టారు. ఫిట్స్ చరిత్ర ఉన్నవారు, తలలో లోహం ఉన్నవారు, తలకు ఆపరేషన్ అయినవారు, చర్మం మీద పుండ్లున్నవారు చాలా అధ్యయనాల్లోకే రారు. కూర్చోబెట్టేటప్పుడు పక్కన ఒక మనిషి ఉంటాడు. సెషన్ల మధ్య విరామం ఉంటుంది. ఏడాది పొడవునా రోజూ రాత్రి ఒంటరిగా పెట్టుకున్న మనిషిని ఆ 33,200లో వెతకలేము.

ఇక ఆరోగ్యంగా ఉన్నవాళ్ల చదువుకు లాభం ఎంత? 2015లో వచ్చిన ఒక విశ్లేషణ, ఒక్క సెషన్‌తో ఆలోచనాశక్తి మీద నమ్మదగిన ప్రభావం కనబడలేదని తేల్చింది. దానితో విభేదించిన పరిశోధకులూ ఉన్నారు. 2013లో వీడియో గేములు ఆడేవారి కోసం మార్కెట్‌లోకి వచ్చిన, ఇదే కరెంటు ఇచ్చే ఫోకస్ అనే హెడ్‌సెట్‌ను నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయంవారు పరీక్షిస్తే, దాన్ని పెట్టుకున్నవారి పని జ్ఞాపకం, అంటే అప్పటికప్పుడు మనసులో పట్టి ఉంచుకునే శక్తి, ఉత్తుత్తి కరెంటు పెట్టినప్పటికన్నా తగ్గింది.

కాలవగట్టు గారూ, మీ తమ్ముడికి చిన్నప్పుడు ఫిట్స్ వచ్చాయా? ఇంట్లో ఎవరికైనా ఉందా? మానసిక సమస్యకు మందులేమైనా వాడుతున్నాడా? కొన్ని మందులు ఈ కరెంటు ప్రభావాన్ని పెంచుతాయి, కొన్ని పూర్తిగా మార్చేస్తాయి. ముందు ఈ మూడూ కనుక్కోండి.

అరటితోట (రావులపాలెం)

ఇది షాక్ ట్రీట్‌మెంటే కదండీ? మా దూరపు బంధువుకు ఎప్పుడో పెట్టించారు. ఆవిడ చాలా విషయాలు మరిచిపోయింది. పిల్లలు ఇంట్లో చేసుకోవడమేమిటి, వింటేనే గుండె దడగా ఉంది.

గౌతమి ఫిజియో (కాకినాడ)

రెండూ వేరండీ. మీరు చెబుతున్నది ఈసీటీ. అందులో సుమారు 800 మిల్లీ ఆంపియర్ల కరెంటును కొన్ని సెకన్ల పాటు ఇచ్చి, కావాలనే మెదడులో ఫిట్ తెప్పిస్తారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మత్తుమందు, కండరాలు సడలించే మందు లేకుండా అది ఇవ్వడం నిషేధం. తీవ్రమైన డిప్రెషన్‌లో అది ప్రాణాలు నిలబెట్టే చికిత్స, దాని పేరు చెబితేనే భయపడవలసిన పని లేదు. టీడీసీఎస్ కరెంటు దానిలో కొన్ని వందల వంతు. అందులోనూ చాలాభాగం చర్మంలోనూ పుర్రె దగ్గరా చెదిరిపోతుంది, మెదడుకు చేరేది కొంతే.

చెరువుకాపలా (ఉండి)

నేను వేరే కోణంలో అడుగుతాను. ఎవరూ కోప్పడకండి.

మాకు ఆరెకరాల వనామి రొయ్యల చెరువు ఉంది, కౌలుకు తీసుకున్నది. తెల్లవారుజామున నీళ్లలో డీవో, అంటే కరిగి ఉన్న ఆక్సిజన్, పడిపోతుంది. లీటరుకు 3 మిల్లీగ్రాముల కిందకు వచ్చిందంటే రొయ్య పైకి తేలుతుంది. ఆ సమయంలో కరెంటు పోయి, జనరేటరు వేయాల్సిన మనిషి నిద్రలో ఉంటే గంటల్లో పంటంతా పోతుంది, అప్పు మాత్రం మిగులుతుంది. కాపలావాళ్లు దొరకడం లేదు. నేనూ మా బావమరిదీ వంతులు వేసుకుంటాం. పంట చివరి నెలలో మాకు నిద్ర అనేది ఉండదు. టీ, గుట్కా, సిగరెట్టు, ఎవరి తిప్పలు వారివి.

నేను ఇంగ్లీషు వ్యాసం ఒకటి మా మేనల్లుడితో చదివించుకున్నాను. అమెరికా వైమానిక దళంవారు 2014లో 30 గంటలు మేలుకుని ఉన్నవాళ్ల మీద ఇదే కరెంటును ప్రయత్నించారట. 2 మిల్లీ ఆంపియర్లు, అరగంట. కెఫీన్ గమ్ నమిలినవాళ్లకన్నా ఎక్కువసేపు చురుకుగా ఉన్నారట. మరి సైనికుడికి పనికివచ్చింది రైతుకు ఎందుకు పనికిరాదు? ఓల్టులెక్క గారి లాంటివారు చేసిపెడితే కొనుక్కునేవాళ్లు ఈ ఆకివీడు, భీమవరం, ఉండి చెరువుల మీద వేలల్లో ఉంటారు. పరీక్ష పోతే మళ్లీ రాయవచ్చు. మాకు చెరువు పోతే ఇల్లు పోతుంది.

కాంతితీగ (కాకినాడ)

చెరువుకాపలా గారు అడిగినది న్యాయమైన ప్రశ్న. ఇక్కడ అందరూ భయం వైపే మాట్లాడుతున్నారు కాబట్టి నేను రెండో వైపు చెబుతాను. నేను ఇంజినీరింగ్ చివరి సంవత్సరంలో ఉన్నాను, మనిషి తన శరీరాన్ని తానే మెరుగుపరచుకోవడం నా అభిమాన విషయం.

శరీరం మీద సొంత ప్రయోగాలు ఇప్పుడు పుట్టినవి కావు. మొదటి శతాబ్దంలో రోమన్ వైద్యుడు స్క్రిబోనియస్ లార్గస్ తలనొప్పికి కరెంటు కొట్టే చేపను నుదుటి మీద పెట్టమని రాశాడు. మన సముద్రంలోనూ ముట్టుకుంటే తిమ్మిరెక్కించే టేకు చేపలున్నాయి, అంతర్వేది జాలరులను అడగండి. 1998లో ఇంగ్లండు ప్రొఫెసర్ కెవిన్ వార్విక్ చేతిలో చిప్ పెట్టించుకుని, తాను వస్తే తలుపులు వాటంతట అవే తెరుచుకునేలా చేశాడు. పుట్టుకతో రంగులు కనిపించని నీల్ హార్బిసన్ 2004లో పుర్రెకు యాంటెన్నా బిగించుకుని రంగులను శబ్దాలుగా వింటున్నాడు. వేలి కొసలో అయస్కాంతం పెట్టించుకుని, కరెంటు తీగ దగ్గరికి వెళితే సన్నని కంపనాన్ని అనుభవించేవారు చాలామంది ఉన్నారు.

అన్నిటికన్నా నాకు గొప్పగా కనిపించేది షుగర్ రోగులది. టైప్-1 డయాబెటిస్ ఉన్న డేనా లూయిస్‌కు నిద్రలో గ్లూకోజ్ మీటరు అలారం వినబడేది కాదు. కంపెనీలు పట్టించుకోకపోతే తానే గట్టిగా మోగే అలారం తయారుచేసుకుంది. దాన్నే పెంచుకుంటూ పోయి, ఇన్సులిన్ మోతాదును తానంతట తాను సర్దే వ్యవస్థగా మార్చి 2015లో అందరికీ ఉచితంగా ఇచ్చింది. కంపెనీల పరికరాలు వచ్చేదాకా ఆగి ఉంటే ఆ రోగులు ఎన్ని రాత్రులు భయంతో గడపాలి? మన దేశంలో 1968లో జైపూర్‌లో శిల్పి రామచంద్ర శర్మ, డాక్టర్ పి.కె. సేథీ కలిసి రబ్బరు, చెక్కతో కృత్రిమ పాదం చేశారు. దాంతో గొంతుకు కూర్చోవచ్చు, చెప్పులు లేకుండా బురద చేలో దిగవచ్చు. విదేశీ కాళ్లకు అది చేతకాలేదు. అనుమతి కోసం అందరూ చేతులు కట్టుకుని కూర్చుంటే కొత్తది పుట్టదు. నా శరీరం మీద ముందు హక్కు నాది.

లెక్కల మాస్టారు (పాలకొల్లు)

నాయనా కాంతితీగా, నీ ఉదాహరణలు బాగున్నాయి. వాటినే మళ్లీ చదువు. డేనా లూయిస్‌కు క్లోమం ఇన్సులిన్ ఇవ్వదు. జైపూర్ పాదం పెట్టుకున్నవాడికి కాలు లేదు. హార్బిసన్‌కు రంగులు లేవు. లేనిదాన్ని తెచ్చుకున్నారు, తెచ్చుకున్నది పనిచేస్తుందా లేదా అన్నది వాళ్లకు ప్రతిరోజూ కళ్ల ముందు తెలుస్తుంది. గ్లూకోజ్ అంకె మీటరు మీద కనిపిస్తుంది. కాలు నిలబెడుతుందో లేదో మొదటి అడుగులోనే తెలుస్తుంది. ఈ కుర్రవాడి మెదడు చక్కగా పనిచేస్తోంది. అందులో ఏది పెరిగింది, ఏది తరిగింది అన్నది గదిలో కూర్చుని ఏ మీటరుతో కొలుస్తాడు?

తరుగుతుంది అన్న మాట ఊరికే అనడం లేదు. 2013లో ఆక్స్‌ఫర్డ్‌లో ఇద్దరు శాస్త్రవేత్తలు విద్యార్థులకు కొత్త రకం అంకెలు కనిపెట్టి నేర్పిస్తూ ఈ కరెంటు పెట్టారు. తల వెనుకభాగం వైపు పెట్టినవారు త్వరగా నేర్చుకున్నారు కానీ నేర్చినదాన్ని అలవోకగా, ఆలోచించకుండా వాడే నేర్పు తగ్గింది. ముందుభాగం మీద పెట్టినవారిలో ఇది తలకిందులైంది, నేర్చుకోవడం నెమ్మదించింది, వాడకం మెరుగైంది. కాలవ మీద ఒక తూము ఎత్తితే ఆ చేను తడుస్తుంది, శివారు భూమికి నీరు అందదు. డెల్టాలో పుట్టినవాడికి ఇది వేరే చెప్పాలా? పరీక్షహాలులో కావలసింది అలవోకగా వచ్చే జవాబే. ఏ భాగాన్ని తాకుతున్నాడో తెలియకుండా అంగుళం అటూ ఇటూ స్పాంజి కట్టుకుంటే ఏది తరుగుతోందో ఎవరు చెప్పాలి?

2016లో ఈ రంగంలో పనిచేసే పరిశోధకులే ఇంట్లో చేసుకునేవారికి ఒక బహిరంగ లేఖ రాశారు. అందులో ఎక్కడా తిట్టలేదు, నిషేధించమని అడగలేదు. స్పాంజి కింద ఉన్న భాగం ఒక్కటే కాదు, దానికి కలిసి ఉన్న దూరపు భాగాలు కూడా మారతాయన్నారు. అదే కరెంటు ఆ సమయంలో మీరు చేస్తున్న పనిని బట్టి వేరు ఫలితం ఇస్తుందన్నారు. మనిషికీ మనిషికీ తేడా చాలా ఉంటుందన్నారు. మార్పు ఎంతకాలం నిలుస్తుందో తెలియదు, రోగిలో ఒప్పుకోదగిన ప్రమాదం ఆరోగ్యవంతుడిలో ఒప్పుకోలేము అన్నారు. ఇంత మర్యాదగా రాసిన లేఖను ప్రతి కుర్రవాడూ చదవాలి.

నాకు అసలు బాధ ఇంకొకటి. మా వైపు ఒక కోచింగ్ కేంద్రం ఇంటర్ పిల్లల తల్లిదండ్రులకు ఏకాగ్రత పెంచే హెడ్‌బ్యాండ్ అని ఒకటి అంటగట్టింది. పదహారేళ్ల పిల్లలు. మెదడు ఇంకా పెరుగుతున్న వయసు. అది లోపల ఏం చేస్తుందో అమ్మినవారికీ తెలియదు, కొన్నవారికీ తెలియదు. 24 ఏళ్లవాడు తన తలకు కట్టుకోవడం వేరు, పిల్లవాడి తలకు పెద్దవాళ్లు కట్టడం వేరు. రెండోదాన్ని నేను ఒప్పుకోను. ఎవరి ఊళ్లో కనిపించినా ఆ తల్లిదండ్రులతో మాట్లాడండి.

కాలవగట్టు (కొత్తపేట)

గౌతమి గారూ, అమ్మను అడిగాను. వాడికి రెండేళ్ల వయసులో జ్వరం వచ్చినప్పుడు రెండుసార్లు ఫిట్స్ వచ్చాయట, రాజోలు తీసుకువెళ్లారట. తర్వాత ఎప్పుడూ లేదు. వాడికి ఈ విషయమే తెలియదు. మందులేమీ వాడడం లేదు. ఈ చర్చ లింకు వాడికి పంపాను.

గౌతమి ఫిజియో (కాకినాడ)

చిన్నతనంలో జ్వరంతో వచ్చే ఫిట్స్ చాలామంది పిల్లలకు వస్తాయి, ఎక్కువమందిలో పెద్దయ్యాక ఏమీ ఉండదు. మీరు కంగారుపడకండి. అయినా పరిశోధనశాలలో అయితే ఈ ఒక్క మాటకే ఆపి, డాక్టరును అడుగుతారు. రాత్రుళ్లు నిద్ర మానితే ఫిట్స్ వచ్చే అవకాశం పెరుగుతుంది, అది కరెంటు లేకపోయినా నిజమే. ఒక్కసారి న్యూరాలజిస్టుకు చూపించేదాకా ఆ పరికరం పక్కన పెట్టమనండి. డాక్టరుకు పరికరం సంగతి దాచవద్దు, వీలైతే చేత్తో తీసుకువెళ్లమనండి.

గది అభ్యర్థి (అమలాపురం)

నమస్కారం. కాలవగట్టు గారి తమ్ముణ్ని నేనే. అన్నయ్య లింకు పంపితే మొదట కోపం వచ్చింది. మొత్తం చదివాక కోపం పోయింది. నా గురించి ఇంతమంది ఇంత శ్రద్ధగా రాస్తారని అనుకోలేదు.

ఓల్టులెక్క గారూ, నా సర్క్యూటులో కరెంటును స్థిరంగా ఉంచే ఎల్ఎం334 చిప్ ఉంది. కరెంటు 1.5 మిల్లీ ఆంపియర్ల దగ్గర ఆగుతుంది, మల్టీమీటరుతో ప్రతిసారీ చూస్తాను. గోడ ప్లగ్గుకు ఎప్పుడూ కలపలేదు. నూనె సంగతి మీరు చెప్పేదాకా నాకు తట్టలేదు. తలస్నానం చేసిన రోజు ఎప్పుడూ మంట పుట్టలేదు, మిగతా రోజుల్లో పుట్టేది.

మాస్టారూ, ఎందుకు మొదలుపెట్టానో చెబుతాను. నోటిఫికేషన్ వస్తుందంటారు, వాయిదా పడుతుంది, కోర్టుకు వెళుతుంది. అదే పుస్తకం మళ్లీ మళ్లీ తిరగేస్తుంటే చదివింది నిలవడం లేదనిపిస్తుంది. మా గదుల వరుసలో అందరూ ఏదో ఒకటి వాడుతున్నారు. ఒకరు మెలకువ మాత్రలు, ఒకరు ఎనర్జీ డ్రింకులు. నాకు మాత్రలంటే భయం. ఇది నాకు తెలిసిన విద్య కాబట్టి దీన్ని నమ్మాను. నాన్నగారు కొబ్బరి దింపు మీద వచ్చిన డబ్బు నాకు పంపుతున్నారు. ఖాళీగా తిరిగి రాలేను.

ఫిట్స్ సంగతి నాకు నిజంగా తెలియదు. ఇది పెట్టుకున్నాక చదువు బాగుందనే అనిపిస్తోంది, అది నేను కాదనలేను. రాత్రి రెండు దాటాకగానీ నిద్ర పట్టడం లేదు, అది కూడా నిజమే.

ఓల్టులెక్క (తణుకు)

తమ్ముడూ, పని శుభ్రంగా చేశావు. నేను చూసిన చాలా ఫ్యాక్టరీ సర్క్యూట్లకన్నా జాగ్రత్తగా ఉంది. అయితే ఒక మెలిక ఉంది, విను. స్థిరమైన కరెంటు ఇచ్చే చిప్ మొత్తం కరెంటును పట్టుకుంటుంది, అది ఎంత చోటులోంచి పోతోందో దానికి తెలియదు. స్పాంజి ఎండిపోయి అంటుకునే చోటు తగ్గేకొద్దీ, ఆ 1.5ను పోనివ్వడానికి బ్యాటరీలో ఉన్నంతవరకు ఓల్టులు పెంచుతూనే ఉంటుంది. నీ మీటరు 1.5 అనే చూపిస్తుంది, నుదుటి మీద మాత్రం చిల్లు పడుతుంది. నీ మచ్చకు కారణం ఇదే అని నా నమ్మకం. సర్క్యూటు సరిగ్గా ఉన్నా ఒళ్లు కాలవచ్చు.

గౌతమి ఫిజియో (కాకినాడ)

బాబూ, నీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా పెద్దగా కనిపించింది చివరి వాక్యం. నిద్ర.

పగలు చదివింది జ్ఞాపకంగా గట్టిపడేది నిద్రలోనే. ఇది ఎన్నో దశాబ్దాలుగా ఎన్నో రకాలుగా నిలబడిన విషయం, టీడీసీఎస్ మీద ఉన్న ఆధారాలకన్నా ఎంతో బలమైనది. నువ్వు మెదడు ముందుభాగాన్ని రాత్రి చదువుకు ముందు ఉత్తేజపరిచి, రెండింటిదాకా మేలుకుని, చదివింది నిలవడం లేదని మళ్లీ కరెంటు పెట్టుకుంటున్నావు. చదువు బాగుందని అనిపించడాన్ని నేను తోసిపుచ్చను. కానీ స్పాంజి కింద చిమచిమలాడడమే మనిషికి నమ్మకం ఇస్తుంది. అందుకే పరిశోధనల్లో మొదటి అరనిమిషం కరెంటు ఇచ్చి, తెలియకుండా ఆపేసి, ఆ గుంపుతో పోల్చి చూస్తారు. అలా ఆపేసినవారిలోనూ చాలామంది మెరుగ్గా ఉందనే చెబుతారు.

నిద్ర పట్టకపోవడం, ఖాళీగా తిరిగి రాలేననే దిగులు, ఈ రెండూ కలిసి చాలాకాలంగా ఉంటే దాని గురించి మాట్లాడడానికి మనుషులున్నారు. టెలి మానస్ నంబరు 14416. ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. చదువు ఒత్తిడి గురించి కూడా మాట్లాడవచ్చు.

చెరువుకాపలా (ఉండి)

ఈ అబ్బాయి మాటలు చదివి నాకు కళ్లు చెమర్చాయి. కానీ నా ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు.

ఓల్టులెక్క (తణుకు)

చెప్పాలనే ఉన్నాను అన్నా. ఆ వైమానిక దళం పరీక్ష 30 గంటల మెలకువ గురించి, ఒక్క సెషన్ గురించి. మీది నెల రోజుల నిద్రలేమి. కరెంటు పెట్టుకుంటే మెలకువగా ఉన్నట్టు ఉంటారు, శరీరానికి రావలసిన నిద్ర బాకీ అలాగే ఉంటుంది. ఆ స్థితిలో తడి చేతులతో జనరేటరు చేంజోవర్ స్విచ్ పట్టుకునేది మీరు. డెల్టాలో చెరువుల మీద కరెంటు కొట్టి పోయినవాళ్ల ఇళ్లకు నేను వెళ్లాను. కొనేవాళ్లు వేలల్లో ఉన్నా నేను అది చేసివ్వను.

కాంతితీగ చెప్పిన ఆ షుగర్ రోగి మొదట చేసింది ఏమిటో చూడండి. గట్టిగా మోగే అలారం. మీకు కావలసింది కూడా అదే. ఫేజు పోయినా, నీళ్లకు గాలి అందించే ఏరేటర్ మోటారు కరెంటు లాగడం ఆగినా సైరన్ మోగి, ఇద్దరి ఫోన్లకు కాల్ వెళ్లే పెట్టె చేయవచ్చు. ఫోనుతో మోటారు నడిపే మొబైల్ స్టార్టర్లు ఇప్పటికే వాడుతున్నారు, దానికి ఇది తోడు.

చెరువుకాపలా (ఉండి)

కరెంటు పోతే తెలుస్తుంది, సరే. మబ్బు పట్టిన రోజు ఏరేటర్లు తిరుగుతుండగానే డీవో పడిపోతుంది. మా పక్క చెరువువాళ్లు నీళ్లలో పెట్టే సెన్సరు కొన్నారు. కొన్నాళ్లకే నాచు పట్టి తప్పు అంకె చూపింది. దాన్ని నమ్మి పడుకుంటే?

ఓల్టులెక్క (తణుకు)

నమ్మి పడుకోవద్దు. సెన్సరును రోజూ తుడవాలి, చేతి మీటరుతో వారానికి రెండుసార్లు పోల్చాలి. ఒకటి నీళ్లలో, ఒకటి మోటారు మీద, రెండింటిలో ఏది తేడా చూపినా మోగాలి. రాత్రి పన్నెండు నుంచి మూడు దాకా బావమరిది, మూడు నుంచి ఆరు దాకా మీరు లేచి ఉండండి, మిగతా సమయం సైరన్‌కు వదిలేయండి. మూడు గంటల వంతు మనిషి నిలబడగలడు. గది అభ్యర్థి తమ్ముడూ, చేతిలో పని ఉన్నవాడివి. పరీక్ష అయ్యాక తణుకు రా, ఆ పెట్టె కలిసి చేద్దాం. కూలి ఇస్తాను.

కాంతితీగ (కాకినాడ)

మాస్టారు చెప్పిన తేడా ఆలోచించదగినది. ఫిల్ కెన్నెడీ సంగతి కూడా నేనే రాయాలి, న్యాయంగా ఉండాలంటే. మాట పోయిన రోగి మెదడులో ఎలక్ట్రోడు పెట్టి కంప్యూటర్ కర్సరును కదిలించేలా చేసిన న్యూరాలజిస్టు ఆయన. పరిశోధన ముందుకు సాగక 2014లో బెలిజ్ దేశానికి వెళ్లి తన మెదడులోనే ఎలక్ట్రోడ్లు పెట్టించుకున్నాడు. ఆపరేషన్ తర్వాత కొన్నాళ్లు ఆయనకే మాట రాలేదు. గాయం పూర్తిగా మూసుకోక నెలల్లోనే చాలాభాగం తీయించుకోవలసి వచ్చింది. అయినా ఆయన సేకరించిన సంకేతాలకు విలువ ఉంది. అందుకే ఇలాంటివాళ్లను నేను తప్పుపట్టలేను. నా అభిప్రాయం మారలేదు. వేలిలో అయస్కాంతం పెట్టించుకోవాలన్న కోరిక మాత్రం వాయిదా వేస్తున్నాను, అది ఉంటే ఎమ్ఆర్ఐ తీయడం కష్టమవుతుందని మా అమ్మకు చెప్పాల్సి వచ్చింది.

కాలవగట్టు (కొత్తపేట)

వచ్చే వారం కాకినాడలో డాక్టరు దగ్గరికి ఇద్దరం వెళుతున్నాం. పరికరం వాడే నాకు ఇచ్చాడు. ఒక్క చిక్కు మిగిలింది. గది స్నేహితుడు ఆపలేదు, తనకోసం ఇంకొకటి చేసుకున్నాడు. వాళ్ల అమ్మానాన్నలది ముమ్మిడివరం, నాకు తెలుసు. ఫోన్ చేసి చెప్పమంటారా?

లెక్కల మాస్టారు (పాలకొల్లు)

ముందు ఆ అబ్బాయితో మాట్లాడు నాయనా. పెద్దవాడు, అతని తల అతనిది. తెలియకుండా ఇంట్లో చెబితే మీ తమ్ముడితో కూడా స్నేహం తెగుతుంది, అప్పుడు అతని పక్కన చూసే మనిషే ఉండడు. గౌతమి గారు అడిగిన మూడు ప్రశ్నలూ అతన్ని అడగండి. వాటిలో ఒక్కదానికైనా అవును అంటే ఇంట్లో చెబుతానని అతని ముందే చెప్పి, ఆ తర్వాత చెప్పండి.

గౌతమి ఫిజియో (కాకినాడ)

మాస్టారి మాటే నాది కూడా. ఇంకా ఆపనంటే కనీసం ఒంటరిగా, తలుపు గడియపెట్టుకుని చేయవద్దనండి. మంట, తల తిరగడం, కళ్ల ముందు మెరుపులు, మనసు ఉన్నట్టుండి మరీ ఉత్సాహంగా మారడం, వీటిలో ఏది కనిపించినా తీసేసి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మీ తమ్ముడి అపాయింట్‌మెంట్ రోజు అతన్ని కూడా వెంటబెట్టుకుని రండి. ఆ రోజు నేను డ్యూటీలో ఉంటాను.